పాత టర్బో ఇచ్చిన గడువు

ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా నాకు అప్పగించిన చివరి పెద్ద కేసు తెల్లాపూర్ నుంచి నల్లగండ్ల వచ్చే దారిలో జరిగిన ఒక ప్రమాదం. నేను వృత్తి నుంచి తప్పుకోవడానికి ముందటి ఏడాది, మార్చి నెలాఖరు. ప్రమాదం జరిగిన చోటికే వెళ్లి బండిని ఉన్నదున్నట్టు చూడటాన్ని స్పాట్ సర్వే అంటారు. తర్వాత దాన్ని షెడ్డుకు తెప్పించి, విప్పి చూసి నష్టం లెక్కగట్టడం ఫైనల్ సర్వే. రెండూ నాకే ఇచ్చారు. సర్వేయర్ ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి కాడు, లైసెన్సు ఉన్న మూడో మనిషి. బండికి ఏమైంది, ఎందుకైంది అన్నంత వరకే అతని పని. ఇంట్లో మనుషులకు ఏమైందన్నది రిపోర్టులో రాసే విషయం కాదు.

చనిపోయినవాడు శ్రీకాంత్. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. కొండాపూర్ పాత ఊరి కుటుంబం, ఇప్పుడు తెల్లాపూర్ అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. ఉదయం ఆఫీసుకు పోతూ ముందున్న నీళ్ల ట్యాంకర్‌ను దాటబోయి, దాని వెనుక భాగంలోకి దూరిపోయాడు. కారు కొని నెల కాలేదు. చూడటానికి అది అందరి కార్లలాంటి చిన్న హ్యాచ్‌బ్యాకే. టర్బో ఉన్న బలమైన ఇంజిన్ వల్ల పరుగులో పెద్ద కార్లను వెనక్కి నెడుతుంది. ఆ పరుగు కోసమే కుర్రాళ్లు దాన్ని కొంటారు.

శ్రీకాంత్ మేనమామ అంజయ్య ఇన్సూరెన్స్ కంపెనీకి ఫిర్యాదు ఇచ్చాడు. యాక్సిలరేటర్ తొక్కకుండానే బండి దానంతట అదే ఉరికిందని ఆరోపణ. వాంగ్మూలం తీసుకోవడానికి ఇంటికి వెళితే అక్కడ వేరే కారణం వినిపించింది. తల్లి యాదమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"అమాస నాడు బండి తెచ్చిన్రు సార్. గుడి కాడికి కొంచవోయి నాలుగు నిమ్మకాయలు తొక్కిద్దామంటె ఒద్దన్నది మా కోడలు. నా మాటకు నవ్వింది. ఇగ ఇప్పుడు నవ్వుమను."

కోడలు మాధురి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కాకినాడ వైపు అమ్మాయి, ఇక్కడే ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగం. అంజయ్య ఆమెను చూడకుండానే అందుకున్నాడు.

"చదువుకున్న పిల్లని తెచ్చుకుంటిమి సార్. తాళి కంటె లాజిక్కు గట్టిదంట ఆమెకు! నెలమాసికం కానియ్యి, వాళ్ల నాయనకు ఫోన్ కొట్టి తీస్కపొమ్మంట."

"ఇది నా ఇల్లు కూడానండి బాబాయిగారూ," అని మాత్రం అంది మాధురి.

గుద్దుకున్న బండ్లను చూడటమే నా జీవితమంతా చేసిన పని. నుజ్జయిన బంపర్లకు నిమ్మకాయలూ మిరపకాయలూ చెక్కుచెదరకుండా వేలాడుతుండగా ఎన్నిసార్లు ఫోటోలు తీశానో చెప్పలేను. నిమ్మకాయ బ్రేకు వేయదు. అమావాస్య చంద్రుడికి సంబంధించిన సంగతి, టైర్లకు కాదు. ఈ మాటలు మూఢనమ్మకాల వ్యతిరేక సభల్లో ఎన్నోసార్లు గొంతెత్తి చెప్పినవాణ్ణి. భర్త పోయిన మనిషిని నిలబెట్టి, పిండని నిమ్మకాయ రసానికి లెక్క అడుగుతున్న ఆ ఇంట్లో నాకు మొదట కలిగింది కోపమే. యంత్రం నిజం చెబుతుంది, ఈ పిల్ల మీద పడిన నింద పోతుంది అనుకున్నాను.

యంత్రం నిజమే చెప్పింది. ఎయిర్‌బ్యాగులను నడిపే చిన్న పెట్టె, గుద్దుకోవడానికి ముందు కొద్ది క్షణాల సమాచారాన్ని దాచుకుంటుంది. కారు కంపెనీ ఇంజినీరు సమక్షంలో దాన్ని చదివాం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంది. ఆ తర్వాత బ్రేకు, ఆలస్యంగా. ఇంజిన్‌లో లోపం లేదు. తొక్కినందుకు అది పలికింది.

నా రిపోర్టు అక్కడితో ముగిసేదే. కానీ మాధురి ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకు వచ్చింది. "ఆయన ఏళ్ల తరబడి నడిపారండి, ఎవరినీ గీరలేదు. ట్యాంకర్ వెనకే ఉండగా అంత గట్టిగా ఎందుకు తొక్కారు?" అని అడిగింది. సరైన ప్రశ్న. ఇంతకుముందు ఏం నడిపేవాడని అడిగాను. అదే రకం కారు, పాత తరంది, ఇంకా సెల్లార్‌లోనే ఉందని చెప్పింది.

ఒక ఆదివారం ఉదయం ఆ పాత కారులో ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీదకు తీసుకెళ్లాను. టర్బో అంటే ఇంజిన్ వదిలే వేడి వాయువులతో తిరిగే చక్రం. అది బయటి గాలిని ఇంజిన్‌లోకి కూరి బలం పెంచుతుంది. పాతదాంట్లో ఆ చక్రం పెద్దది, బరువైనది. తొక్కగానే తిరగదు. ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ జరగదు, ఆపైన వెనుక నుంచి ఎవరో తన్నినట్టు దూకుతుంది. ఆ ఆలస్యాన్ని మా వాళ్లు ల్యాగ్ అంటారు. దానికి అలవాటుపడినవాడు ఎదుటి దారి ఖాళీ కాకముందే తొక్కి ఉంచుతాడు. ఖాళీ దొరికేసరికి బలం అందుతుంది. పాత ఇంజిన్‌తో అది నేర్పరితనమే.

నేను తొక్కగానే మాధురి సన్నగా నవ్వింది. నేను ఆమె నవ్వు చూసింది ఆ ఒక్కసారే. "ఇక్కడ ఆయన 'ఆగు, ఆగు, లేస్తున్నది' అనేవారండి. 'మా అంజయ్య మామ లెక్కనే, పిలిస్తె జర సేపటికి లేస్తది' అని."

తర్వాత డీలర్ దగ్గర అడిగి తీసుకున్న కొత్త కారులో అదే రోడ్డు మీదకు వచ్చాం. ఇందులో టర్బో చక్రం చిన్నది, తేలికైనది. వాయువులు రెండు దారుల్లో విడివిడిగా వచ్చి దాన్ని తిప్పుతాయి. వేగం అందుకోకముందే ఇంజిన్ తన పూర్తి లాగుడు ఇచ్చేస్తుంది. కాగితం మీద చూస్తే రెండింటి బలానికీ పెద్ద తేడా లేదు. కొనేవాళ్లు చూసేదీ, అమ్మేవాళ్లు చెప్పేదీ ఆ అంకెనే. ఆ బలం ఎంత త్వరగా చేతికొస్తుందో ఎవరూ అడగరు. నేను తొక్కాను. మాధురి ఏదో అనబోయింది, అనేలోపే వీపు సీటుకు తగిలింది.

ఆపమంది. పక్కకు ఆపాను. నేను విప్పి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పాత కారు ఇచ్చే ఆ ఊపిరి సేపు గడువు ఉందనుకుని అతను ట్యాంకర్ వెనకే ఉండి తొక్కాడు. కొత్త కారు ఆ గడువు ఇవ్వలేదు.

మాధురి, "అత్తయ్యకి ఇది చెప్పకండి," అంది. మీ మీది నింద పోతుంది కదా అన్నాను. "నిమ్మకాయలు వద్దన్నది కూడా ఆయనేనండి. 'నేనంటే అమ్మ బాధపడ్తది, నువ్వన్నట్టు చెప్పు' అన్నారు. సరేనన్నాను. ఇప్పుడు ఈ తప్పు కూడా ఆయనదే అంటే ఎలాగండి? ఆవిడకి ఆయనొక్కడే కదా."

నాకు తోచిన వాదాలన్నీ చెప్పాను. ఆమె మాట మారలేదు.

కానీ సర్వే ఫలితాన్ని ఫిర్యాదు చేసినవాళ్లకు చెప్పడం నా విధి. నెలమాసికానికి ముందు వెళ్లాను. యాదమ్మే సూటిగా అడిగింది: "బండి దానంతట అది ఉరికిందా, లేదా సార్?" లేదన్నాను. పాత ఇంజిన్‌కీ కొత్త ఇంజిన్‌కీ ఉన్న తేడా ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. పాత బండి అలవాటు కాలులో ఉండిపోయిందన్నాను. నిమ్మకాయకూ, అమావాస్యకూ, మీ కోడలికీ ఇందులో ఏ పాత్రా లేదని ఒక్కొక్క పేరూ విడిగా చెప్పాను. మాధురి నాకు చెప్పిన రహస్యం మాత్రం చెప్పలేదు, అది నాది కాదు.

యాదమ్మకు అంతా అర్థమైంది. ఆ మాట నేను ఖాయంగా చెప్పగలను, ఎందుకంటే ఆమె అడిగిన తర్వాతి ప్రశ్న నా వివరణలోంచి వచ్చిందే.

"అంటె పాత బండి అయితె నా కొడుకు బతికేటోడు."

ఆ క్షణానికి బతికేవాడేమో అన్నాను.

"మరి గది ఉండంగ కొత్తది ఎవరి షోకుకు కొన్నట్టు?"

అందరి తలలూ మాధురి నిలబడి ఉన్న వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. "ఇగో, సారే చెప్పిండు," అన్నాడు అంజయ్య. కొత్త కారు శ్రీకాంత్ తన షోకుకే కొన్నాడని నాకు తెలుసు, మాధురికి తెలుసు. బహుశా తల్లికీ తెలుసు. మాధురి గుమ్మం వదిలి లోపలికి వెళ్లిపోయింది. కొనాలన్నది శ్రీకాంతేనని నేను గొంతు పెంచి చెప్పిన దాన్ని ఎవరూ ఖండించలేదు, ఎవరూ వినలేదు.

నెలమాసికం మరుసటి రోజు ఆమె గచ్చిబౌలిలో ఒక హాస్టల్‌కు మారింది. నా రిపోర్టును ఇన్సూరెన్స్ కంపెనీ మార్పు లేకుండా ఆమోదించింది.

మూఢనమ్మకం అంటే కారణం తెలియకపోవడం అని, కారణం చూపిస్తే అది పోతుందని నేను ఎంతోకాలం వాదించాను. ఆ ఇంట్లో కారణం తెలిసింది, నమ్మారు కూడా. నింద మాత్రం కదల్లేదు. నిమ్మకాయ మీద నుంచి టర్బో మీదకు మారి, అదే మనిషి దగ్గర ఆగింది. ఎలా జరిగిందని అడిగేవారికి ఇంజిన్ గురించి చెబితే సరిపోతుంది. ఎవరి వల్ల జరిగిందని అడిగేవారు జవాబును ముందే ఎంచుకుని ఉంటారు. మన ఇళ్లలో ఆ జవాబు ఎక్కువసార్లు కోడలే. ఆ ఎంపికతో పోరాడనంత వరకు, యంత్రం గురించి మనం చెప్పే ప్రతి నిజమూ వాళ్ల చేతికి అందించే మరో సాక్ష్యమే అవుతుంది.