ఆఖరి ఫారం

తాతబ్బాయికి చదువు అబ్బలేదని మునగపాకలో అందరూ అనేవారు. అబ్బేదాకా ఎవరూ ఆగలేదన్నది అసలు సంగతి. రెండో తరగతిలో ఉండగా బెల్లం గానుగ దగ్గర ఎడ్లు తోలడానికి మనిషి కావలసి వచ్చింది. పలక పక్కన పెట్టి చెర్నాకోల పట్టుకున్నాడు. అప్పటికి అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, ఒత్తులు మాత్రం సగమే వచ్చాయి. ఆ సగం ఒత్తులతోనే పెద్దవాడయ్యాడు, నూకరత్నాన్ని పెళ్లి చేసుకున్నాడు. అన్నదమ్ముల మధ్య చెరకు చేను చాలకపోయేసరికి, అనకాపల్లి గవరపాలెంలో పెంకుటిల్లు అద్దెకి తీసుకుని విశాఖపట్నం రేవులో కళాసీగా కుదిరాడు.

రోజూ తెల్లారగట్ల పాసింజరెక్కి వాల్తేరు వెళ్లడం, దీపాలవేళకి తిరిగి రావడం. ఆ రైల్లోనే అతనికి పుస్తకాలు దొరికాయి.

పుస్తకాల వాళ్లు ముగ్గురు. ఒకడు పరదేశి, నూకరత్నం తమ్ముడు. రేవు గొడౌనులో మూటలకి గుర్తులు వేసేవాడు. అచ్చయిన కాగితం ఏది దొరికినా చదివేస్తాడు. రెండోవాడు సింహాచలం, దర్జీ. విశాఖపట్నంలో కొట్టు. అతనికి హత్యలూ, దొంగలూ ఉన్న నవలలే నవలలు. "సచ్చినోడు లేని పుస్తకం సప్పిడి కూరే" అనేవాడు. మూడోవాడు వెంకటరమణ, ఓడల కంపెనీలో గుమస్తా. ఎక్కడెక్కడి నుంచో పుస్తకాలు తెచ్చేది ఆయనే. "ఇది చదివి చూడండి, ఇందులో మనుషులు మన పక్కింటివాళ్లలా ఉంటారు" అని చేతిలో పెట్టేవాడు. సింహాచలం అట్ట తిప్పి చూసి, "మా పక్కింటోళ్లతో రోజూ యేగలేక సత్తన్నాను బాబూ, మళ్లీ పుస్తకంలో కూడానా?" అనేవాడు. అన్నా తీసుకునేవాడు.

తాతబ్బాయి వాళ్ల పక్కన కూర్చుని వింటూ ఉండేవాడు. ఒకరోజు పరదేశి పెద్దక్షరాల పాటల పుస్తకం ఒకటి అతని ఒళ్లో పడేశాడు. అరచేయంత పుస్తకం, తీర్థాల్లో అమ్మే రకం.

"సదువు బావా."

"నాకేటొచ్చు?"

"వచ్చినంతే సదువు. రానిది నన్నడుగు."

తాతబ్బాయి వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క అక్షరమే పోగుచేసుకుంటూ మొదలుపెట్టాడు. ఎదుటి బల్ల మీది మనిషెవడో నవ్వి, "ఈయన సదువు కన్నా మన పాసింజరే నయం, ఎప్పుడో ఒకప్పుడు తాడి టేసను సేరుద్ది" అన్నాడు. తాతబ్బాయి పుస్తకం మూసేశాడు. సింహాచలం ఆ మనిషి వైపు తిరిగి, "రైలు నీ అయ్యది కాదు, ఆయన సదువూ నీ అయ్యది కాదు. కూకో" అన్నాడు. వెంకటరమణ పుస్తకం మళ్లీ తెరిచి అదే పేజీ వెతికి ఇచ్చాడు.

ఆ ఏడాది గడిచేసరికి తాతబ్బాయికి మిగతా సగం ఒత్తులూ వచ్చేశాయి. వేగం మాత్రం రాలేదు. నలుగురికీ ఒకే పుస్తకం. మొదట చదివినవాళ్లు కథ కడుపులో దాచుకోలేకపోయేవారు, ముఖ్యంగా సింహాచలం. ఒక నవలలో హంతకుడెవరో దువ్వాడ స్టేషను దాటకుండానే చెప్పేస్తే, పరదేశి వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

అంతలో యుద్ధం ముదిరి కాగితానికి కరువొచ్చింది. పుస్తకాలు బక్కచిక్కాయి. అక్షరాలు చీమల బారుల్లా తయారయ్యాయి, అట్టలు పోయి పల్చటి కాగితమే అట్టయింది. వెంకటరమణ ఒకరోజు సంచిలోంచి తీసిన నవలకి ఆ అట్ట కూడా లేదు. పేరున్న పేజీ ఎక్కడ ఊడిపోయిందో ఊడిపోయింది. కుట్టు వదులై, అచ్చాఫీసులో పదహారేసి పేజీలుగా మడత పెట్టిన ఫారాలు దేనికది బయటికొస్తున్నాయి.

"అయ్యో, ఇలా అయిందేమిటి!" అని ఆయన బాధపడుతుంటే సింహాచలం జేబులోంచి కత్తెర తీశాడు. మిగిలిన నాలుగు దారాలూ టకటకా తెంపేశాడు.

"అదేం పనయ్యా!"

"ఇప్పుడు సూడండి బాబూ. మొదటి ఫారం మీరు సదవండి. అయిపోయేక నాకియ్యండి, మీరు రెండోది పట్టుకోండి. నా తరవాత పరదేశికి. నలుగురం ఒకే పుస్తకం ఒకేసారి సదవొచ్చు."

"నన్ను ఆఖర్న ఎయ్యండి" అన్నాడు తాతబ్బాయి. "నా ఎనకాల ఎవరూ ఎదురుసూసే పని ఉండదు."

రంగూన్ వెళ్లి తిరిగిరాని తండ్రిని వెతుక్కుంటూ ఓడెక్కిన చిన్నమ్మలు అనే పడుచు కథ అది. ఆ ప్రాంతంలో రంగూన్ వెళ్లిన మనిషి లేని ఇల్లు తక్కువ. అందుకే మొదటి పేజీ నుంచే నలుగురికీ అది తమ వీధి కథలా అనిపించింది. హత్య లేకపోయినా సింహాచలం నోరెత్తలేదు. ఫారాలు చేతులు మారుతున్నాయి. తాతబ్బాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం పేరుకుపోతున్నాయి. అన్నం క్యారేజీ కట్టుకునే గుడ్డలో వాటిని దొంతరగా మడిచిపెట్టుకుని, రైల్లోనూ ఇంట్లోనూ చదువుతున్నా తరగడం లేదు.

మిగతా ముగ్గురూ చివరికొచ్చేశారు, ఒక్క ఫారం మిగిలింది. తాతబ్బాయి సిగ్గుపడ్డాడు.

"మీరు కానిచ్చేయండి బాబూ. నాకోసం ఆగొద్దు."

సింహాచలం అడ్డంగా తలూపాడు. "నా సంగతి తెలీదేటి నీకు? నాను సదివేనంటే నా నోరాగదు. నీ కత పాడైపోద్ది. నువ్వొచ్చేక నలుగురం ఒక్కరోజే సదువుదాం."

"అదే బాగుంది" అన్నాడు వెంకటరమణ. ఆఖరి ఫారం మడత విప్పకుండా పరదేశి చేతికిచ్చి దాచమన్నాడు.

ఇంట్లో కూడా తన మాట ఆఖర్న అడిగేవాళ్లే గాని, తనకోసం పని ఆపుకున్నవాళ్లు తాతబ్బాయికి అంతవరకూ తారసపడలేదు. ఆ రాత్రి నూకరత్నానికి ఈ మాట చెబుతూ రెండుసార్లు చెప్పాడు.

వాళ్ల మాట నెరవేరకుండానే ఏప్రిల్ నెలొచ్చింది. జపాను విమానాలు రేవు మీద బాంబులు వేశాయి. తాతబ్బాయి ఆ వేళ రేవులోనే ఉన్నాడు. క్రేను కింద నుంచి పరుగెత్తి ఒక తూములో దూరాడు. బయటికొచ్చేసరికి ఊరంతా మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని స్టేషను దారి పట్టింది. రైలు పెట్టెల మీద కూడా జనమే. పరదేశీ తనూ మెట్టు మీద వేలాడుతూ అనకాపల్లి చేరేసరికి నూకరత్నం ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంది. కబురు తెలిసిన దగ్గర్నుంచీ వచ్చిన ప్రతి రైలూ చూస్తోందట. మొగుణ్ణీ తమ్ముణ్ణీ చూశాక గాని అక్కణ్ణుంచి లేవలేదు.

మర్నాడు నిండు చూలాలైన భార్యని తీసుకుని పరదేశి గొలుగొండ దగ్గరున్న అత్తవారి ఊరు వెళ్లిపోయాడు. సింహాచలం కొట్టు మూసేసి పిల్లల్ని తీసుకుని చుట్టాలిళ్లకి చేరాడు. వెంకటరమణ జాడే తెలియలేదు. రేవులో పని ఆగిపోవడంతో తాతబ్బాయి మునగపాక వెళ్లి అన్నల చెరకు తోటకి నీళ్లు కట్టాడు.

మధ్యాహ్నాలు పాకలో కూర్చుని మిగిలిన ఫారాలన్నీ పూర్తి చేశాడు. చిన్నమ్మలు ఓడ రంగూన్ రేవుకి చేరింది. అక్కడితో కాగితం అయిపోయింది. తండ్రి కనబడ్డాడో లేదో! తనకే కాదు, తన మూలాన మిగతా ముగ్గురికీ తెలియలేదు. అది తలుచుకుని రెండురోజులు ముద్ద మింగలేకపోయాడు.

"నా మందకొడి సదువుకి వాళ్లంతా బలైపోయేరే" అన్నాడు భార్యతో.

"నువ్వంటే ఇష్టం లేకపోతే ఆగుతారేటి?" అంది నూకరత్నం. "సంతోసించక ఏడుత్తావేటి?"

ఆ మాట అతనికి పట్టింది. మళ్లీ అన్నం సయించింది.

వైశాఖం చివర రేవులో పని మొదలైందని కబురొస్తే అనకాపల్లి తిరిగొచ్చారు. ఆ వారంలోనే ఒక కొండ మనిషి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. పేరు జోగి. గొలుగొండ వైపు కొండమీద చోళ్లు, సామలు పండించుకుంటాడు. సంతకి చింతపండు తెచ్చి ఇల్లు కనుక్కుంటూ వచ్చాడు. అడ్డాకుల్లో చుట్టి నారతో కట్టిన పొట్లం ఒకటి భద్రంగా అందించాడు.

"పరదేసిబాబు ఇమ్మన్నాడు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా కులాసా అని సెప్పమన్నాడు. నాను తడిసినా ఇది తడవకూడదన్నాడు. మందేటి బాబూ ఇది?"

తాతబ్బాయి నార విప్పాడు. ఆఖరి ఫారం. మడత కూడా విప్పలేదు.

"మందు కాదు, కత" అన్నాడు.

జోగి నవ్వాడు. "కతకా ఇంత కట్టుదిట్టం! ఇంకో మాట కూడా సెప్పేడు బాబు. 'నాను సదవలేదు. ఈపాలి బావే ముందు. బావ సదివి మాకు వినిపించాల' అన్నాడు."

నూకరత్నం జోగికి అన్నం పెట్టింది. అతను తిని వెళ్లేదాకా తాతబ్బాయి ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక దేంట్లోనూ ముందుండమని తనతో ఎవరూ అనలేదు.

ఒకసారి చదివి ఊరుకోలేదు. నలుగురికీ వినిపించాలంటే తడబడకూడదు కదా. రోజూ పైకి చదివాడు. నూకరత్నం చేట చెరుగుతూ వినేది. వినగా వినగా, అతను ఒత్తు దగ్గర ఆగితే తనే అందించేంత వచ్చేసింది ఆమెకి. "పరదేసికి ముందే సెప్పేత్తానేటో, నాకు బయంగా ఉంది" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

వానలు పడ్డాక ముగ్గురూ ఒక్కొక్కరే తిరిగొచ్చారు. అందరూ మళ్లీ ఒక పెట్టెలో కలిసిన రోజున పలకరింపులయ్యాయో లేదో, తాతబ్బాయి చేతిలో ఆఖరి ఫారం చూసి సింహాచలం తొందరపెట్టాడు. "మూడు నెల్లు నోరు మూసుకున్నాను మామా. ఇంక నావల్ల కాదు. ఎత్తు."

తాతబ్బాయి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పెద్దగా, మెల్లగా చదివాడు. వేలు కాగితం మీదే ఉంది, పెదాలు ఎలాగూ కదలాలి. రైలు చప్పుడికి వినబడక చుట్టుపక్కల వాళ్లు దగ్గరికి జరిగారు. కూరగాయల గంప మీద చెయ్యేసుకున్న దేముడమ్మ అనే ముసలామె, "ఎవర్నాయనా ఆ గుంట?" అని అడిగింది. తాతబ్బాయి ఆగి, వెనకటి కథంతా నాలుగు ముక్కల్లో ఆమెకి చెప్పి, మళ్లీ అందుకున్నాడు. ఎవరూ విసుక్కోలేదు.

చిన్నమ్మలు తండ్రిని వెతికి పట్టుకుంది. బియ్యం మిల్లు గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. అక్కడ అతనికి వేరే పెళ్లాం, పిల్లలు ఉన్నారు. కూతుర్ని పోల్చుకోలేదు. ఆమె వాళ్లమ్మ దంచి కట్టిచ్చిన అటుకుల మూట అతని చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది.

"సెప్పెయ్యే తల్లీ, నీ కూతుర్నని సెప్పెయ్!" అని దేముడమ్మ కేకేసింది.

అటుకులు నోట్లో వేసుకున్న తండ్రి వెనకనుంచి పిలిచాడు. పిలిచింది చిన్నమ్మలు పేరు కాదు, వాళ్లమ్మ పేరు. ఆమె ఆగిపోయింది. కథ అక్కడితో అయిపోయింది.

దేముడమ్మ ముక్కు చీదుకుంది. సింహాచలం కిటికీలోంచి చూస్తూ, "ఒక్కడూ సావలేదు గానీ, నన్ను సంపేసింది" అన్నాడు. వెంకటరమణ కళ్లజోడు తుడుచుకుంటూ, "నేను చదువుకుంటే ఇది గబగబా దాటేసేవాణ్ణి తాతబ్బాయ్. నీ నోట విన్నాను కాబట్టి సరిపోయింది" అన్నాడు. తాతబ్బాయి రెండు చేతులూ ఎత్తి ముగ్గురికీ దణ్ణం పెట్టబోతే పరదేశి ఆ చేతులు పట్టుకుని కిందకి లాగాడు.

ఆ వారమే సింహాచలం ఫారాలన్నీ వరసగా పేర్చి, కోటు గుడ్డ ముక్క అట్టగా వేసి, గట్టి దారంతో కుట్టి ఇచ్చాడు. పుస్తకం తాతబ్బాయి దగ్గరే ఉంచమన్నారు.

తర్వాత రోజులు మారాయి. యుద్ధం అయిపోయింది, దేశానికి స్వతంత్రం వచ్చింది, పుస్తకాలకి మళ్లీ దళసరి అట్టలొచ్చాయి. రైల్లో తాతబ్బాయి గొంతు కోసం ఆ పెట్టె వెతుక్కుని ఎక్కేవాళ్లు తయారయ్యారు. ఎవరైనా మెచ్చుకుంటే, "నాదేటుంది, వాళ్లు ఆగేరు కాబట్టి నాను సదివేను" అని ముగ్గురినీ చూపించేవాడు. అన్నేళ్లలోనూ వాళ్లు ఏ పుస్తకం ఇచ్చినా "బాగుంది" అనే తిరిగిచ్చేవాడు. ఇచ్చినవాళ్ల మీది గౌరవం అలాంటిది.

నలభై ఎనిమిదిలో ఒకసారి వెంకటరమణ గట్టి బైండు నవల ఒకటి తెచ్చాడు. ముగ్గురూ చదివి ఆకాశానికెత్తారు. తాతబ్బాయి నెలరోజులు పట్టి చదివాడు. పుస్తకం ఆయన చేతికిస్తూ కాసేపు నసిగాడు.

"ఏమిటి, చెప్పు."

"ఏటీ అనుకోకండి బాబూ. నాకు నచ్చలేదు. ఇందులో ఒక్క మనిషీ పని సెయ్యడు. పొద్దత్తమానం కూకుని బాదపడతారు. అన్నం ఎవరొండుతున్నారో రాసినాయన ఒక్కసారైనా సెప్పొద్దా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సింహాచలం చప్పట్లు కొట్టాడు. వెంకటరమణ బిగ్గరగా నవ్వి, పుస్తకం పక్కన పడేసి, తాతబ్బాయి వైపు జరిగి కూర్చున్నాడు.

"అయితే వచ్చే పుస్తకం నువ్వే చెప్పు. ఏది తెమ్మంటావు?"

తాతబ్బాయి ఆలోచనలో పడ్డాడు. రైలు తాడి దాటింది.