మట్టి తట్ట దింపించిన లైబ్రరీ మేడం

కాలేజీలో ఆ గదికి తాళం ఎందుకు వేశారని కొన్నేండ్లుగా అడుగుతున్నాను. ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఆ గదిని మొదట తెరిపించిన మనిషే మొన్న పోయింది. మా ఊరి కాలేజీ లైబ్రరీ మేడం, మా ఇంటి ముందు గదిలో కిరాయికి ఉన్న మేడం, ఇక లేదు. పాలమూరు దవాఖానలో గుండె ఆగింది.

ఆ కబురు ఫోన్లో వచ్చింది. ఫోటోకు దండ, కింద జోడించిన చేతుల బొమ్మ. నేను నమ్మలేదు. పక్క పట్నాల కాలేజీల్లో లైబ్రరీ చూసేవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకు ఫోన్ చేశాను.

"చూసినవా బిడ్డా, విన్నవా?"

"చూసిన పెద్దయ్యా. పక్కనే ఉన్న" అని ఒకామె ఏడ్చింది. రెండో కాలేజీ సారు కూడా చూశానన్నాడు. అప్పుడు కూలబడి ఏడ్చాను. ఏ మాటనైనా అట్లా అడిగాకనే నమ్మాలని నేర్పింది ఆమే. ఆమె చావునూ అట్లానే నమ్మాల్సి వచ్చింది.

నేను మగ్గం నేసేవాణ్ని. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. తప్పులుంటే చదివేవాళ్లే దిద్దుకోండి. సంగతిలో మాత్రం తప్పు లేదు.

మేడం అమ్రాబాద్ దిక్కు ఆడపిల్ల. మా కాలేజీలో ఎవుసం, పంటల పుస్తకాలు ఎక్కువ. రెండో కాలేజీలో పాత పేపర్లు కట్టలు కట్టి దాచారు. మూడో దాంట్లో సర్కారు జీవోలు, చట్టాల పుస్తకాలు. "ఒకరి కాడ లేనిది ఇంకొకరి కాడ ఉన్నది. మూడు తలుపులెందుకు పెద్దయ్యా, ఒక్కటే తలుపనుకుంటే అయిపాయె గద" అనేది. మిగతా ఇద్దరినీ ఒప్పించింది. ప్రతి రెండో శనివారం వాళ్లు సంచుల్లో పుస్తకాలు పెట్టుకొని బస్సు దిగేవారు. ఆ గదిలో కాలేజీ పిల్లల పక్కనే మేమూ బెంచీల మీద కూర్చునేవాళ్లం, చెప్పులు బయట విడిచి.

నల్లబోర్డు మీద నిలువుగా గీత గీసేది. ఒక దిక్కు 'విన్నది', ఇంకో దిక్కు 'చూసింది'. ఊళ్లో తిరుగుతున్న మాట ఏదైనా ముందు మొదటి దిక్కు రాయాలి. ఈ పసరు తాగితే షుగర్ పోతుందట అని ఎవరన్నా అంటే ఆమె నవ్వేది కాదు. "ఎవరు చెప్పిన్రు? వాళ్లకెవరు చెప్పిన్రు? ఇంకో కాడ ఉన్నదా?" అనేది. పిల్లలు మూడు లైబ్రరీల పుస్తకాల్లోనూ వెతకాలి. రెండు వేర్వేరు చోట్ల దొరికితేనే ఆ మాట గీత దాటేది. చాలా మాటలు దాటలేదు.

ఇంట్లోనూ అదే బుద్ధి. మిర్చి బజ్జీ కట్టిన కాగితం విప్పి, నూనె మరకల్లో తారీఖు వెతికేది. "బజ్జి సల్లారుతది, తిను బిడ్డా" అంటే, "తారీఖు లేని వార్త దీనికన్నా సల్లటిది పెద్దయ్యా" అనేది.

ఒక ఎండాకాలం మా గల్లీ ఫోన్లలో ఒక మాట తిరిగింది. ఇంట్లో గుంత మగ్గం లేనివాళ్లకే సర్కారు కొత్త మగ్గం ఇస్తుందట, సోమవారం సార్లు వచ్చి చూస్తారట. పక్కింట్లో మా తమ్ముడు అప్పుడే గుంత పూడ్చేశాడు. మగ్గం కింద కాళ్లు దించుకునే మా గుంత మా నాయిన తవ్వింది. నేను కూడా మట్టి తట్ట నెత్తికెత్తుకున్నాను. కాలేజీకి బయలుదేరిన మేడం గడప దగ్గర ఆగింది.

"ఏం జేస్తున్నవ్ పెద్దయ్యా?"

"గుంత పూడుస్తున్న. కొత్త మగ్గమిస్తరట."

"చూసినవా, విన్నవా?"

"గల్లీ అంత అంటున్నరు."

"గల్లీ అంత విన్నది. చూసిందెవరు?"

గోడ అవతలి నుంచి తమ్ముడు, "నౌకరి చేసుకునేదానివి, నీకేం ఎరుక మగ్గం సంగతి?" అని అరిచాడు.

"ఎరుక లేదు చిన్నయ్యా. అందుకే అడుగుతున్న."

గడప మీదే కూర్చొని మిగతా ఇద్దరికీ ఫోన్ చేసింది. ఒకరు జీవోలు తిరగేశారు, ఒకరు పేపర్లు. ఆమె చేనేత ఆఫీసుకు ఫోన్ కలిపింది. అంతసేపూ తట్ట నా నెత్తి మీదే ఉంది.

"దించు పెద్దయ్యా. యాడ లేదు."

దించాను. సోమవారం ఏ సారూ రాలేదు. తమ్ముడు మళ్లీ గుంత తవ్వలేదు. ఇప్పుడు పట్నంలో ఎవరిదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మెన్. నేను ఇంకా నేస్తున్నాను.

ఇంత మేలు చేసిన గదికి తాళం పడింది. ఎందుకో తెలుసా? బయట కట్టే బోర్డు మీద ఏ కాలేజీ పేరు పైన ఉండాలని ముగ్గురు ప్రిన్సిపాళ్లు కొట్లాడుకున్నారని విన్నాను. ఇది విన్నదే, గీత దాటించడం లేదు. అందుకే అడుగుతున్నాను. విరిగిన కుర్చీలు ఆ గదిలో పడేయడం మాత్రం నా కండ్లతో చూశాను. తాళం తీయించాలని మేడం తిరిగి తిరిగి అలసిపోయింది. అయినా, "జవాబియ్యకుంటే అడుగుడు బంద్ చేస్తమనుకుంటరు. చెయ్యొద్దు పెద్దయ్యా" అనేది.

సంతాప సభలో మా ప్రిన్సిపాల్ సారు ఫోటోకు దండ వేసి, ఆమె ఆశయాన్ని కొనసాగిస్తామన్నాడు. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"తాళంచెవి యాడున్నది సారూ?"

"ఇది సభ పెద్దాయనా, ఇక్కడ అడిగేది కాదు."

"గదిల అడుగుదమంటే గదికి తాళమేస్తిరి గద!"

పిల్లలు నవ్వారు. సారు మైకు ఇంకొకరికిచ్చి దిగిపోయాడు.

ఈ వారం మా గల్లీ ఫోన్లలో మళ్లీ ఒక మాట తిరుగుతున్నది. నేతగాళ్ల పింఛన్లు రద్దట. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. చూసినవా, విన్నవా అని నేనొక్కణ్నే అడుగుతున్నాను. ఎక్కడ వెతకాలో చెప్పే మనిషి లేదు, వెతికే గదీ లేదు.

ముగ్గురు ప్రిన్సిపాళ్లకూ చెబుతున్నాను. మీ దండలు మాకొద్దు. వచ్చే రెండో శనివారం పొద్దున, కాలేజీ గంట కొట్టేలోపు జవాబు కావాలి. తాళం ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఎప్పుడు తీస్తారు?

ఆమె దింపించిన తట్ట ఇంకా నా మగ్గం పక్కనే ఉంది, ఆ మట్టితోనే. జవాబు రాకపోతే దాన్ని మళ్లీ నెత్తికెత్తుకొని వచ్చి ఆ తలుపు ముందు నిలబడతాను. దించమనడానికి ఇప్పుడు ఆమె లేదు. తాళం తీసేదాకా దించను.