చిన్నాన్నను కూర్చోబెట్టిన తెల్ల టీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరో ఒకరికి కట్టు కట్టని వారం ఉండేది కాదు. ఆ కట్టు చాలావరకు మా చిన్నాన్నకే. మేము హిందీ మాట్లాడే ఊళ్ళో, బాగ్‌బేరా అనే పేటలో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న యార్డులో ఫిట్టరు. చిన్నాన్న స్టేషన్ నుంచి సాక్చి బజారుకు ఆటో నడిపేవాడు. తొంభైల్లో ఆ ఆటో స్టాండులో ఎవరైనా వరస తప్పి ప్రయాణికుణ్ణి ఎక్కించుకుంటే ముందు నోరు కాదు, చెయ్యి లేచేది. బాగ్‌బేరా కుర్రాళ్ళది ఒక జట్టు, పక్క పేట పర్సుడీహ్ కుర్రాళ్ళది ఇంకో జట్టు. సైకిల్ చైన్లు, జాకీ రాడ్లు సీటు కింద పెట్టుకునే తిరిగేవారు. నన్ను భుజాన ఎక్కించుకుని జిలేబీ తినిపించే మా చిన్నాన్న, అదే చేత్తో మనుషుల మూతులు పగలగొడతాడని నాకు తెలుసు. అందరి ఇళ్ళలోనూ అలాగే ఉంటుందనుకునేదాన్ని.

మా తాతయ్య వేరే రకం మనిషి. ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి చిన్న వయసులోనే కలకత్తా పోయి, ఒక టీ గోదాములో పనిచేశాడు. అక్కడ టీ రుచి చూసే గదిలో మొదట నీళ్ళు కాచేవాడు, పోనుపోను తనూ రుచి చూడసాగాడు. పని మానుకుని మా దగ్గరికి వచ్చేసేటప్పుడు, అక్కడ పరిచయమైన ఒక చైనా వ్యాపారి ఆయనకు ఒక రేకు డబ్బా ఇచ్చాడట. అందులో ఉన్నది చైనా తెల్ల టీ. విచ్చుకున్న ఆకు కాదు, మొగ్గలు. సన్నగా, పొడుగ్గా, ఒళ్ళంతా తెల్లటి నూగుతో ఉండేవి. అరచేతిలో పోసుకుంటే బరువే తెలిసేది కాదు. పాలూ పంచదారా వేసి మా అమ్మ మరగబెట్టే టీకి, దానికి ఏ చుట్టరికమూ లేదు.

ఒక ఎండాకాలం సెలవుల్లో తాతయ్య నాకు ఆ టీ కాయడం నేర్పాడు. సలసల మసిలే నీళ్ళు పోస్తే మొగ్గ ఉడికిపోయి రుచి చెడుతుంది. అందుకని కెటిల్ దించి, ఆవిరి జోరు తగ్గేదాకా ఆగాలి. నీళ్ళు పోశాక మూతపెట్టి మళ్ళీ ఆగాలి. అప్పుడు ఎండిన గడ్డిపరక రంగులో టీ దిగుతుంది. దాన్ని చెంచాతో తీసుకుని, చప్పుడయ్యేలా గట్టిగా పీల్చి, నోరంతా తిప్పి మింగాలి. మొదటిసారి నాకు వేడినీళ్ళు తప్ప ఏమీ తెలియలేదు.

"ఇస్ మే కుఛ్ నహీ హై తాతా," అన్నాను. వీధిలో అలవాటైన హిందీయే నా నోటికి ముందు వచ్చేది.

"ఏటీ లేదనకు. మింగినాక రవ్వంతసేపు ఆగి సూడు," అన్నాడు తాతయ్య.

ఆగాను. నాలుక వెనకాల ఎక్కడో సన్నటి తీపి, తడిసిన గడ్డి వాసన తగిలాయి. ఆ సెలవుల్లో నాకు దొరికిన పెద్ద సంతోషం అదే.

ఒక మధ్యాహ్నం చిన్నాన్నను అతని స్నేహితుడు భుజం పట్టి నడిపించుకుని ఇంటికి తెచ్చాడు. ఆ స్నేహితుడు మా వెనక వీధి అబ్బాయి, తెలుగువాళ్ళే, ఇద్దరూ ఒకే బళ్ళో చదివి ఒకేసారి మానేశారు. చిన్నాన్న నుదురు చీలిపోయి ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చెవి తమ్మె తెగి వేలాడుతోంది. చొక్కా రంగేమిటో తెలియడం లేదు. అంతకుముందు రోజు అతను పర్సుడీహ్ కుర్రాడొకడి మణికట్టు మీద రాడ్డుతో కొట్టి ఎముక విరగ్గొట్టాడు. దానికి బదులుగా ఆ జట్టువాళ్ళు స్టాండులో అందరూ చూస్తుండగా అతన్ని అతని ఆటోకే కట్టేసి కొట్టారు. కొట్టి, మొహం మీద ఉమ్మి వదిలేశారు. దెబ్బలకన్నా ఆ ఉమ్మే చిన్నాన్నకు భరించరానిదైంది.

అమ్మ పసుపూ గుడ్డా తెచ్చేలోపే అతను వంటింట్లోకి పోయి, బొగ్గులు కొట్టే సుత్తి తీసుకున్నాడు. గుమ్మం బయట అతని జట్టు కుర్రాళ్ళు చైన్లతో, రాడ్లతో నిలబడి ఉన్నారు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. తాతయ్య వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలుచున్నాడు.

"హట్ జాఓ నాన్నా," అన్నాడు చిన్నాన్న. తాతయ్య తప్పుకోలేదు. చిన్నాన్న ఆయన్ని తోశాడు. ఆయన తూలి, మళ్ళీ వచ్చి అదే చోట నిలబడ్డాడు. అప్పుడు చిన్నాన్న ఖాళీగా ఉన్న చేత్తో తాతయ్య నోటి మీద గుద్దాడు.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. తాతయ్య గోడకు జారి కూలబడ్డాడు. పెదవి చిట్లి గెడ్డం మీంచి నెత్తురు కారింది. పన్నొకటి గచ్చు మీద పడింది. మా అమ్మ అరవబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఇంట్లో ఎన్ని గొడవలు జరిగినా కన్నతండ్రి మీద చెయ్యి పడడం అదే మొదలు. చిన్నాన్న కూడా తన చేతిని చూసుకుంటూ కదలకుండా నిలబడిపోయాడు.

తాతయ్య గోడ పట్టుకుని లేచాడు. నా వైపు తిరిగి, "అమ్మీ, నీల్లెట్టు. తెల్ల టీ," అన్నాడు. తరవాత కొడుకుతో, "ఒక్క కప్పు తాగి, రుచేటో సెప్పేసి ఎల్లిపో. నానింక అడ్డు రాను," అన్నాడు.

"చల్ బే, దేర్ హో రహీ హై," అని గుమ్మం బయట నుంచి స్నేహితుడు తొందరపెట్టాడు.

"మీరు ముందెల్లండ్రా. ఆడు ఎనకాల వత్తాడు," అన్నాడు తాతయ్య. వాళ్ళు వెళ్ళిపోయారు.

నేను స్టవ్ వెలిగించాను. నీళ్ళు కాగాక దించి, ఆవిరి తగ్గేదాకా కూర్చున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. చిన్నాన్న ట్రంకుపెట్టె మీద కూర్చుని సుత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని నుదుటి నెత్తురు చుక్కలుగా సుత్తి పిడి మీద పడుతోంది. కప్పు ఇస్తే ఒక్క గుక్కలో తాగేసి, "పానీ హై," అన్నాడు.

"నోట్లో రత్తం పెట్టుకుని తాగితే రుచి ఎలగ తెలుత్తాది? పుక్కిలించుకునిరా," అన్నాడు తాతయ్య.

చిన్నాన్న పెరట్లోకి వెళ్ళి పుక్కిలించి వచ్చాడు. నేను అవే మొగ్గల మీద మళ్ళీ నీళ్ళు పోశాను. తాతయ్య తనూ ఒక కప్పు తీసుకుని నన్నూ తాగమన్నాడు. నేను పీల్చి, మింగి, ఆగి, "తడిసిన గడ్డి వాసన, తాతా," అన్నాను. చిన్నాన్న నా వైపు చూశాడు. ఇంటికొచ్చాక నన్ను చూడడం అదే మొదటిసారి. తర్వాత తాతయ్య పెదవి వైపు చూశాడు. నేను మూడోసారి పోసేటప్పటికి అతను కప్పు పక్కన పెట్టి లేచాడు. సుత్తి ఒళ్ళోంచి జారి కిందపడింది. అతను తాతయ్య కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. తాతయ్య నన్ను ఇంకా నీళ్ళు పెట్టమని సైగ చేశాడు.

ఎండ తగ్గకముందే యార్డు వైపు నుంచి కేకలు వినిపించాయి. ఓవర్‌బ్రిడ్జి కింద రెండు జట్లూ కలబడ్డాయి. పర్సుడీహ్ కుర్రాడొకడు తల పగిలి అక్కడే పోయాడు. చిన్నాన్న స్నేహితుడి కడుపులో కత్తి దిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళే దారిలో, ఆటోలోనే ప్రాణం పోయింది. మిగిలినవాళ్ళను పోలీసులు తీసుకుపోయారు.

ఆ సాయంత్రం నేను తాతయ్యను, ఆ టీ ఎలా ఉందని అడిగాను.

"నాకేటీ తెలీలేదమ్మీ. నోరంతా రత్తమే," అన్నాడు. "ఆడు కూకున్నాడు. నాకదే సాలు."

రుచి చెప్పమనడం చిన్నాన్నను ఆపడానికి వేసిన ఎత్తని అప్పుడు అర్థమైంది. మా తాతయ్యంత ధైర్యస్తుడు లేడనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కానీ ఆ రోజు పాఠం నాకు అంతటితో పూర్తి కాలేదు.

దినవారాలు అయ్యాక చిన్నాన్న స్నేహితుడి తల్లి మా ఇంటికి వచ్చింది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అరుగు మీద కూర్చుని తాతయ్యను ఒకటే అడిగింది.

"మావోడు కూడా నీ గుమ్మంలోనే నిలబడ్డాడంట గదా అన్నియ్యా. ఆడికి కూడా ఒక కప్పు పొయ్యలేకపోనావా?"

తాతయ్య తల వంచుకుని, "నాకు నా కొడుకొక్కడే కనపడ్డాడమ్మా," అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. చిన్నాన్న ఆటో అమ్మేసి, ఒక మందుల దుకాణంలో పనికి కుదిరాడు. ఆ ఇంటికి కొడుకులా నెలనెలా బియ్యం పంపేవాడు. మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. మా వీధిలో కుర్రాళ్ళు కొట్టుకోవడానికి బయల్దేరితే ఎవరో ఒకరి తల్లి నన్ను పిలుస్తుంది. వెళ్తాను. ఆమె తన కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుంటే, నేను గుమ్మం దాటి బయట నిలబడ్డవాళ్ళ దగ్గరికి పోతాను. మీరూ లోపలికి రండి నాయనా, అంటాను. కొందరు వస్తారు. రానివాళ్ళ వెనక వీధి చివరిదాకా నడుస్తాను.