అవ్వ నా నోట పెట్టిన ప్రార్థన

పక్కింట్లోకి ఎవరో కొత్తగా దిగబోతున్నారని గోడలకు సున్నం కొడుతున్నారు. ఇప్పుడు సున్నం కొట్టించేవాళ్ళే తక్కువ కదా, కిటికీలోంచి ఆ తడి వాసన రాగానే చేతిలో పని ఆపి నిలబడిపోయాను. పాకాల దగ్గర మా ఊళ్ళో, దిన్నె మీదున్న మా చిన్న గుడికి డిసెంబరు మొదట్లో పట్టే వాసన అది. చర్చి అనే మాట మా వీధిలో ఎవరూ వాడేవాళ్ళు కాదు, గుడి అనే అనేవాళ్ళం.

మంచు ఇంకా కరగని పొద్దున్నే మగవాళ్ళు పాత డ్రమ్ములో సున్నం కలిపి గోడలెక్కితే, ఆడవాళ్ళు నేల అలికి ముగ్గులేస్తే, పిల్లలం వెదురు బద్దలు వంచి రంగు కాగితాలంటించి నక్షత్రాలు చేసేవాళ్ళం. ప్రతి ఇంట్లోనూ శనక్కాయల నూనెలో అరిసెల్లాంటి నిప్పట్లు వేగుతుండేవి, బొరుగుల ఉండలకు బెల్లం పాకం పొంగుతుండేది. మా నాయన కంజర వాయించేవాడు. బావులు తవ్వే పని ఆయనది, గడ్డపార పట్టి కాయలు కాచిన ఆ వేళ్ళు కంజర మీద పడితే ముసలివాళ్ళు కూడా లేచి నిలబడి పాడేవాళ్ళు. గుడి మెట్ల మీద మా అవ్వ సారమ్మ, అంటే నాయన తల్లి, ఒడి నిండా ఉడికించిన శనక్కాయలు పెట్టుకుని కూర్చుని, పాట నేర్చుకున్న పిల్లలకు పిడికెడు చొప్పున పెట్టేది. కొండకు నడిచిపోయే గోవిందమాల వాళ్ళు ఆ దారినే వస్తే వాళ్ళకూ కుండలో నీళ్ళు ముంచి ఇచ్చేది.

నాకు పదేళ్ళున్నప్పుడు, వానల్లో, మా తమ్ముడు దావీదుకు జ్వరం వచ్చింది. వీధి వీధంతా ఉపవాసముండి గుడిలో మోకాళ్ళ మీద కూర్చుంది. అవ్వ అలికిన నేల మీద నుంచి లేవలేదు. నాయన వాణ్ణి భుజాన వేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు వాడు అమ్మ చీరలో చుట్టి ఉన్నాడు.

పూడ్చిన తర్వాత వచ్చిన ఆదివారం, గుడికి పోవడానికి అవ్వ తెల్లచీర కట్టుకుని బయలుదేరితే నాయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. ఆయన గొంతు పెంచలేదు.

"మా, నువ్వు పోతే పో. ఈ ఇంట్లో మాత్రం ఇంగ ఆ పేరు ఎత్తొద్దు. అంతమంది పిలిస్తే రానోడు మనకెందుకు?"

ఆ తర్వాత అమ్మ నోట ఒక్క పాటా వినలేదు. నాయన కంజరను ఊరి బయట పాడుబావిలో పారేసి వచ్చాడు. ఆ ఏడు మా ఇంట్లో నిప్పట్లు వేగలేదు, నక్షత్రం వెలగలేదు.

అవ్వకు భయం పట్టుకుంది. ఆమెకు చూపు మందగిస్తోంది, కొడుకు వెనక్కి వచ్చేలా లేడు, మనవడు మట్టిలో ఉన్నాడు. మిగిలింది నేనొక్కదాన్నే. శనక్కాయలు పెరికే రోజుల్లో నన్ను వెంటబెట్టుకుని చేనికి పోయి, చెట్టు పెరికి మన్ను దులుపుతూ, తాను కట్టుకున్న ప్రార్థనను నా చేత ఒక్కో మాటే అనిపించేది. ఆకలి లేని బిడ్డ నోట్లో బలవంతంగా ముద్ద పెట్టినట్టుండేది ఆ నేర్పడం. ఒకరోజు నేను అనను పొమ్మన్నాను. తమ్ముడు పోయేటప్పుడు ఆ దేవుడు యాడికి పోయినాడని అడిగాను.

అవ్వ చేతిలోని చెట్టును కింద పెట్టేసింది.

"నాకూ తెల్దు పాపా. నేనూ అదే అడగతా ఉండాను. నేను పోతే ఈ ఇంట్లో ఆయన్ని అడిగేదానికైనా ఎవురుండారు? తిట్టేదైతే తిట్టు. నోరు మాత్రం మూసుకోవాకు."

మళ్ళీ చలికాలం రాకముందే ఆమె చేని గట్టు మీద పడిపోయింది. కుడి పక్కంతా చచ్చుబడింది, మూతి వంకర పోయింది. నాయన చేతుల మీద మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. ఆమె ఎడమ చేత్తో నా పావడా పట్టుకుని గొంతులో ఏదో గురగురమంటూ ఉంటే, నాయన నీళ్ళనుకుని చెంబు పెట్టాడు. ఆమె తల తిప్పుకుంది. అడిగేది నీళ్ళు కాదని నాకు తెలుసు. నాయన పక్కనే ఉన్నాడు. అయినా మొదలుపెట్టాను.

"అయ్యా, పొద్దు పొడిపించినావు, గింజ ఇచ్చినావు. మేం తప్పిపోతే ఎతుక్కో. మమ్మల్ని ఇడిసిపెట్టొద్దు."

నాయన నన్ను ఆపలేదు. అవ్వ ఏనాడూ పడుకుని ప్రార్థించేది కాదు. ఆయన మంచం మీద కూర్చుని, ఆమె వీపు కింద చెయ్యి వేసి లేపి, తన ఛాతీకి ఆనించుకున్నాడు. నేను ముగించాక అవ్వ గొంతులో చిన్న శబ్దం వచ్చింది. ఆమేన్ అనే అనుకున్నాం. నాయన మాత్రం పెదవి కదపలేదు.

అవ్వ రెండు రోజులకు పోయింది. గొయ్యి నాయనే తవ్వాడు, ఎవరినీ గడ్డపార పట్టనివ్వలేదు. ఆ తర్వాత ఆదివారాలు నన్ను సైకిలు మీద గుడి దాకా దింపి, ఆరాధన అయ్యేదాకా వేపచెట్టు కింద బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. లోపలికి రమ్మని ఎన్నిసార్లు అడిగానో. తాను పోయేదాకా రాలేదు.

ఇప్పుడా దిన్నె లేదు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు గుడితో సహా తవ్వేశారు. శనక్కాయల చేలు ముందు మామిడి తోపులయ్యాయి, తర్వాత ప్లాట్లయ్యాయి. మా వీధిలో పాడిన గొంతులు కొన్ని మట్టిలో కలిశాయి, కొన్ని మద్రాసు దారి పట్టాయి. తిరుపతిలో నేను పోయే పెద్ద చర్చిలో అవ్వ ప్రార్థన తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

నిన్న అన్నం ముందు కూర్చుని కళ్ళు మూసుకోబోతుంటే, నా కూతురు మెల్లగా అడిగింది, వెటకారమేమీ లేదు.

"ఇన్నేండ్లు అడగతానే ఉండావు కదమ్మా. ఒకసారన్నా పలికినాడా?"

అబద్ధం చెప్పలేకపోయాను. తెలీదన్నాను. తను అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. నాకు అవ్వ వయసు దగ్గరపడుతోంది. కళ్ళు మూసుకుని, కనీసం నా కూతురి చెవినైనా పడుతుందని, అవ్వ ప్రార్థన చివరి మాట దాకా గట్టిగానే చెప్పాను.