పెద్దమ్మ విడిచిపెట్టమన్న మడి

పెద్దమ్మ పోయిందని పోయిన మంగళవారం పొద్దున, తార్నాకలో మాకు పాలు పోసే ఆవిడ చెప్పింది. ఆవిడదీ పెద్దమ్మదీ అంబర్‌పేటే. "జరమొచ్చి మూడొద్దులు కూడ పండలేదమ్మా. నిన్ననే తీస్కపోయిన్రు" అని పాలు కొలిచి వెళ్ళిపోయింది. నేను గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఇది చదివేవాళ్ళకు పెద్దమ్మ తెలియదు. మాకూ చుట్టం కాదు. మావారు యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. అక్కడి చెలకలో వానమీద పండే సజ్జ వేసి, కలుపు ఎప్పుడు తీస్తే ఎంత పంట దక్కుతుందో చూస్తున్నారు. కలుపు తీసే ఆడవాళ్ళకు ఆవిడ పెద్ద. అందరితోపాటు నేనూ పెద్దమ్మ అనేదాన్ని. మావారి చిత్తు కాగితాలు చూసి, ఏ మడిలో ఎప్పుడు కలుపు తీయాలో నోటుబుక్కులోకి ఎక్కించడం నా పని. మధ్యాహ్నం క్యారియర్‌తోపాటు ఆ పుస్తకమూ తీసుకెళ్ళేదాన్ని.

లేత సజ్జ మొక్క, గడ్డి మొక్క నా కంటికి ఒకటే. ఆవిడ మాట్లాడుతూనే మొదలు తడిమి గడ్డిని పీకేది. పీకినదాన్ని వేళ్ళు పైకి పెట్టి పడేసేది. "ముసురుల పీకితే మల్ల నాటుకుంటదమ్మా. వేర్లకు ఎండ తగలాలె" అనేది. "ఎడ్ల గుంటుక సాళ్ళ నడుమనే పోతది. మొక్క మొదట్లకు చెయ్యే పోవాలె. పుస్తకం పక్కన పెట్టి జర నువ్వు గూడ వంగు" అని నవ్వించేది.

ఒక మడిని మాత్రం చివరిదాకా కలుపు తీయకుండా వదిలేయాలి. మిగతావన్నీ దానితోనే పోల్చి చూస్తారు. పోయిన వానాకాలం ఒకరోజు మావారు క్లాసులో ఉన్నారు. నేను పుస్తకం చూసి, గేటు పక్క మడి తీయమన్నాను.

"గది ముట్టొద్దని సారు చూపిచ్చి చెప్పిండమ్మా. ఇడిసిపెడదాం."

"పుస్తకంలో ఇలానే ఉంది, పెద్దమ్మా."

"పుస్తకంల ఉంటె ఇగ నేనేమంట!"

సాయంత్రానికి మడి శుభ్రమైంది. మావారు వచ్చి చూసి తల పట్టుకున్నారు. ఆ ఏటి పనంతా పోయింది. "ఎవరు తీయమన్నారు?" అని అరిచారు. నేను పుస్తకం తిప్పాను. నా చేతిరాతలోనే రెండు వరుసలు తారుమారయ్యాయి.

పెద్దమ్మ నా ముఖం చూసింది. "నేనే మర్సిన సారూ" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. పుస్తకం మూసేశాను. రేపటి నుంచి రావద్దన్నారాయన. పెద్దమ్మ కలుపు తీసే కుర్పిని గడ్డికి తుడిచి గట్టు మీద పెట్టి, నన్ను దాటుతూ మెల్లగా అంది: "నువ్వు సారుతోటే ఇంటికి పోవాల్నాయె. నాకేంది, యాడనన్న పని దొరుకుతది."

తర్వాత ఒక్కసారే కనబడింది. మా వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర సున్నం తట్ట నెత్తిన పెట్టుకుని, "సజ్జ కంకులేసిందా అమ్మా?" అని అడిగింది. వేసిందని చెప్పి ముందుకు నడిచాను.

కబురు విన్న మంగళవారం మధ్యాహ్నం మావారికి అంతా చెప్పాను. ఆయన కంచం ముందునుంచి లేచిపోయారు.

ఈ ఏటి కలుపు నిన్న మొదలైంది. క్యారియర్ తీసుకుని వెళ్ళేసరికి మడిలో కొంగు తలకు చుట్టుకుని వంగిన వీపొకటి కనబడి కాళ్ళు ఆగిపోయాయి. ఆమె లేచి నిలబడింది. ఎవరో కొత్తామె.

"గీ మడి తియ్యాల్నా అమ్మా?"

పుస్తకం తెరవలేదు. "సారు వచ్చి చూపించేదాకా ఆగండి" అన్నాను.

అందరూ వెళ్ళి గట్టు మీద కూర్చున్నారు. మడిలో ఎవరూ లేరు. అయినా ఒక్క సాలులోనే సజ్జ మొక్కలు, ఎవరో వంగి ముందుకు జరుగుతున్నట్టు, ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి.