రత్నం ఆ సాయంత్రం గుడిలోనే ఉన్నాడు

పెళ్లికి ముందు ఆడిన ఒక అబద్ధాన్ని, కూతురికి కూడా పెళ్లి చేసిన ఈ వయసు దాకా మోసుకొచ్చాను. మోసి మోసి అలవాటైతే బరువు తెలియదంటారు. తెలుస్తుంది. అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది, ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది జమ్మలమడుగు. మా నాయన బడిలో అయ్యవారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా చర్చిలో, మేం గుడి అనే అంటాం, పాటల బృందానికి నేను హార్మోనియం వాయించేదాన్ని. రత్నం బాస్ గిటార్ వాయించేవాడు. నాకన్నా చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. మా మధ్య అంతకుమించి ఏమీ లేదు. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే, లేనిదాన్ని ఉందనుకుంటారేమోనన్న భయాన్నే తర్వాత సాకుగా వాడుకున్నాను.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఎవరు ఏ పార్టీ మనిషో, ఎవరి వెనక ఎవరున్నారో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్లు. రత్నం అన్న ఒక నాయకుడి జీపు నడిపేవాడు. రత్నం ఆ జీపు ఎక్కి ఎరగడు.

ఎన్నికలు ముగిసిన కొత్తలో ఒకరోజు బంద్ జరిగింది. నాయన పని మీద ముద్దనూరు వెళ్లి, బస్సుల్లేక అక్కడే చిక్కుకుపోయాడు. పాటల అభ్యాసానికి మిగతావాళ్లెవరూ రాలేదు. నేనూ రత్నమూ తలుపు దగ్గరగా వేసుకుని పొద్దుగూకేదాకా వాయించాం. ఊరి చివర బాంబులు పడిన శబ్దం ఇద్దరమూ విన్నాం. రత్నం తీగల మీద అరచెయ్యి ఆనించి, "ఇంగ చాలక్కా, నిన్ను ఇంటికాడ దిగబెట్టి పోతా" అన్నాడు. మా సందు మొగదాకా వచ్చి వెళ్లిపోయాడు.

ఆ దాడిలో ఒకాయన చనిపోయాడు. ఆయన వర్గం వాళ్లిచ్చిన ఫిర్యాదులో జీపు నడిపే అన్న పేరు పక్కన తమ్ముడి పేరూ చేర్చారు. అప్పట్లో అలాగే చేర్చేవారు, ఇంట్లో ఉన్న మగవాళ్లందరినీ. తెల్లవారేసరికి పోలీసులు రత్నాన్ని పట్టుకుపోయారు. ఆ సమయానికి వాడెక్కడున్నాడో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

రత్నం వాళ్లమ్మ మార్తమ్మ మా ఇంటికి వచ్చింది. "అయ్యవారూ, మావాడు పాప జతకు గుడిలో ఉంటినంటాండాడు. పాపను ఒక్క మాట చెప్పమనండి" అంది. నాయన లోపలికొచ్చి తలుపు వేశాడు.

"ఆ పొద్దు రత్నం నీ జతకు ఉన్న్యాడామ్మా?"

నేను తల ఎత్తలేదు. "నేను గుడికే పోలే నాయనా."

"భయపడాకు. ఉంటే ఉన్న్యాడని చెప్పు. స్టేషన్‌కు నేనొస్తా నీ జతకు. పెండ్లి నిలిచిపోతే పోనీ, ఇంకొకటి చూద్దాం. వాని బతుకు పోతాంది మ్మా."

"పోలేదంటాండా కదా నాయనా."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బయటికి వెళ్లి, "నా బిడ్డ పోలేదంట మార్తమ్మా" అన్నాడు. ఆ మాటతో ఊరు ఒక తీర్పు చెప్పేసుకుంది. అయ్యవారు ఫ్యాక్షన్‌కు భయపడి కూతురి నోరు నొక్కేశాడని. ఆ మాట నాయన చెవిన పడింది. ఆయన ఎన్నడూ కాదనలేదు. నేనూ కాదనలేదు.

ఎందుకు అబద్ధమాడాను? భయమా? భయం ఉంది, కానీ అది చిన్న పాలు. ప్రొద్దుటూరు సంబంధం ఖాయమై ఉంది. తలుపేసిన గుడిలో ఒక మగపిల్లాడితో పొద్దుగూకేదాకా ఉన్నానని కోర్టులో చెబితే ఆ సంబంధం నిలవదు. అంతే. మంచి సంబంధం పోతుందని ఒక మనిషిని పోనిచ్చాను.

నా పెళ్లయింది. రత్నానికి శిక్ష పడింది. హైకోర్టు కొట్టేసేదాకా ఏడేళ్లు లోపలే ఉన్నాడు. ఈలోగా నాయన చనిపోయాడు. సమాధుల తోటకు నడుస్తుంటే నా వెనక ఎవరో, "మంచాయనే, కాకపోతే శానా పిరికోడు" అన్నారు. విన్నాను. ఏడుస్తున్నదాన్ని ఇంకాస్త గట్టిగా ఏడ్చాను, ఆ మాట వినబడనట్టు.

ఇక నేను బాస్ గిటార్ పట్టిన సంగతి. ప్రొద్దుటూరులో మా చర్చిలో బాస్ వాయించే అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఎవరైనా నేర్చుకుంటారా అని పాస్టరుగారు అడిగారు. యాభై దాటిన నేను చెయ్యెత్తాను. ఆడవాళ్ల వరసలో నవ్వులు వినిపించాయి. మా ఆయన, "మోకాళ్లే పట్టుకుంటాండాయి, ఇంగ గిటార్ పట్టుకుంటావా?" అన్నాడు. ఫోన్లో చూసి నేర్చుకోమ్మా అంది మా అమ్మాయి. నేను వినలేదు. పులివెందులలో రత్నం వాయిద్యాలు బాగుచేసే కొట్టు పెట్టుకుని పాఠాలు చెబుతున్నాడని నాకు తెలుసు. చర్చి కోసమే నేర్చుకోవాలనుకున్నానా, వాడి ఎదురుగా కూర్చోవడానికి ఒక దారి కోసం అనుకున్నానా? రెండోదే నిజం. అయినా మొదటిది కూడా మెల్లగా నిజమైంది.

నేనూ నాయనలాగే బడిలో పాఠాలు చెబుతాను; శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక బస్సెక్కేదాన్ని. మొదటిరోజు రత్నం నన్ను గుర్తుపట్టాడు. వాడి జుట్టంతా నెరిసింది. "రాక్కా, కూర్చో" అన్నాడు, అంతే. గిటారు ఒళ్లో పెట్టాడు. అంత బరువుంటుందని తెలియదు నాకు. తీగలు లావు, నొక్కితే వేలికొసలు బొబ్బలెక్కేవి. హార్మోనియం మీద పరుగెత్తే వేళ్లు దీని మీద ముసలివైపోయాయి.

"తొందరపడితే బాస్ రాదక్కా. డ్రమ్ము యాడ పడుతుందో ఆడ నీ వేలు పడల్ల. నువ్వు ముందే పోతాండావు."

బొబ్బలు పగిలి గట్టిపడ్డాయి. మానలేదు. సుద్దముక్క పట్టుకుంటే నొప్పిపుట్టేది, అయినా మానలేదు. ఒక శనివారం రత్నం తీగ మారుస్తూ తనంతట తానే అన్నాడు: "నీ మీద నాకేం కోపం లేదక్కా. మీ నాయన అడ్డం పడకపోతే నువ్వు చెప్పేదానివే."

అప్పుడైనా చెప్పాలి కదా? చెప్పలేదు. తల వంచుకుని మీటుతూ కూర్చున్నాను. అంటే మా నాయనను రెండోసారి అమ్మాను, ఈసారి ఆయన లేనప్పుడు. ఇంటికొచ్చే దారంతా నన్ను నేను అసహ్యించుకున్నాను. బస్సు దిగేసరికి నిశ్చయించుకున్నాను. మళ్లీ శనివారం గిటారు ఒళ్లోకి తీసుకోకముందే చెప్పేశాను.

"మా నాయన అడ్డం పడలే రత్నం. చెప్పమనె. స్టేషన్‌కు నేనొస్తా అనె. నేనే గుడికి పోలేదంటి. పెండ్లి చెడిపోతుందని."

రత్నం చేతిలోని పని ఆపలేదు. "ఇన్నేండ్లు ఆ పెద్దాయన్ను తిట్టుకుంటి" అన్నాడు. తర్వాత ఇలా అన్నాడు: "నేను గుడిలో ఉంటినని నాకు నువ్వు చెప్పల్లనా? మా యమ్మకు చెప్పు పో. జైలుకు వచ్చినప్పుడల్లా అడిగేది, నిజం చెప్పరా, యాడుంటివి అని. మా యమ్మ గూడా నన్ను నమ్మలే అక్కా."

మరునాడే జమ్మలమడుగు వెళ్లాను. మార్తమ్మకు కళ్లు సరిగా కనబడటం లేదు, చెవులు బాగానే ఉన్నాయి. మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

"వాడు చెప్తానే ఉన్న్యాడు. నేనే నమ్మకపోతి" అంది. నేను ఆమె కాళ్ల మీద చెయ్యి వేయబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది. "నువ్వు పో పాపా. నేను వానికి ఫోన్ చెయ్యల్ల."

వచ్చేశాను. మా ఆయనకు కూడా చెప్పాను. ఆయన ఇంకా నాతో మాట్లాడటం లేదు. వచ్చే ఆదివారం జమ్మలమడుగు గుడిలో, అందరి ముందూ నిలబడి చెప్పడానికి అక్కడి పాస్టరుగారి అనుమతి తీసుకున్నాను. నిన్న శనివారం పులివెందుల వెళ్లాను. రత్నం రమ్మనలేదు, పొమ్మనలేదు. గిటారు శ్రుతి చేసి చేతికిచ్చి, మొన్నటి పాఠం వాయించమన్నాడు. నా ముఖం వైపు చూడలేదు. దాన్ని క్షమించడం అనుకునేంత పిచ్చిదాన్ని కాను. పాఠం మాత్రం తప్పుల్లేకుండా వాయించాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. అబద్ధమాడింది నేను. మా నాయన కాదు. ఈ రెండు ముక్కలు నా చేత్తో రాయడానికి ఇంత జీవితం పట్టింది. రాశాను.