విరిచినవాళ్లే పట్టుకోవాలి

చెరుకు తోటల మధ్య పెరిగినదాన్ని, గడ విరిగే చప్పుడు నాకు కొత్త కాదు. పదో తరగతిలో ఉండగా మార్కెట్ యార్డు వెనక కబడ్డీ మైదానంలో ఒకరోజు అదే చప్పుడు విన్నాను. విరిగింది రేణిగుంట జట్టు అమ్మాయి ముంజేయి. విరిచింది నా మోకాలు.

చిత్తూరు జిల్లాలో నన్ను మించిన ఆటగత్తె లేదని అప్పట్లో ఒక అభిప్రాయం ఉండేది. అది నా ఒక్కదానిదే. ఆ రోజు మూడుసార్లు కూతకు వెళ్తే మూడుసార్లూ ఆ అమ్మాయి నా చీలమండ పట్టి మట్టిలో ఈడ్చింది. మొహం నిండా ఎర్రమట్టితో లేచిన నన్ను చూసి, గంగజాతరకు వేషమేసుకుని వచ్చినావా అని అడిగింది. వాళ్ల జట్టు నవ్వింది. మా జట్టు ఇంకా గట్టిగా నవ్వింది. నాలుగోసారీ దొరికిపోయాను. ఈల మోగింది. ఆమె నా కాలు వదిలి, చెయ్యి చాపుకుని బోర్లా పడి ఆయాసం తీర్చుకుంటోంది. నా బరువంతా మోకాల్లోకి తెచ్చుకుని ఆ చేతి మీద కూలాను.

ఆమె అరుపు ఆగకముందే వాళ్లు ఆరుగురూ నా మీద ఉన్నారు. ఎవరో జడ పట్టి లాగారు, ఎవరో కడుపులో తన్నారు. మావాళ్లు గీత దగ్గర పాతిన కట్టెలు పీకి వచ్చారు. ఇరుపక్షాల సార్లూ మమ్మల్ని విడదీసేసరికి నా ముందుపన్ను సగమే మిగిలింది. గోల్‌కీపర్‌లా ఎప్పుడూ వెనకే నిలబడే మా జట్టు పిల్ల కూడా ఎవరిదో చెవి కొరికి రక్తం ఉమ్ముతోంది.

మా డ్రిల్లు సారు అడిగింది ఒక్కటే, ఎవరు చేశారని. కాలు జారింది సార్ అన్నాను. ఇంకా కట్టు కట్టించనేలేదు, నేను కట్టుకథ కట్టేశాను.

"జారినా, దూకినా, ఇరిసినోళ్లే పుత్తూరుకి తీస్కపోవాల. కట్టు కట్టేటప్పుడు ఇరిసినోళ్లే పట్టుకోవాల," అన్నాడు సారు.

అది ఆ రెండు జట్ల మధ్య పాత కట్టుబాటు. మా సారూ వాళ్ల సారూ కుర్రతనంలో ఎదురెదురు జట్లలో ఆడి, ఒకరి ఎముకలు ఒకరు విరుచుకుని, పుత్తూరు బస్సులో స్నేహితులైనవాళ్లు.

బస్సులో ఆమె చేతికి చెక్క పెట్టి తువ్వాలుతో కట్టి నా ఒళ్లో పెట్టారు. గుంట వచ్చినప్పుడల్లా లోపల ఎముక కదలడం నా తొడకు తెలిసేది. ఆమె ఏడవలేదు. క్రీడా హాస్టల్ ఎంపికలు రెండు నెలల్లో ఉన్నాయని మాత్రం చెప్పింది. వాళ్లమ్మ రేణిగుంట గోడౌన్‌లో మూటలు మోస్తుంది. హాస్టల్లో సీటు వస్తే తిండి, చదువు రెండూ వాళ్లే చూసుకుంటారు. రాకపోతే తనూ గోడౌన్‌కే. ఆ సీటు మీద నాకూ కన్నుందని నేను చెప్పలేదు.

పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన నన్ను ఆమె భుజాలు గట్టిగా అదిమి పట్టుకోమన్నాడు. మణికట్టు పట్టి ఒక్క లాగు లాగాడు. ఆమె నా ముంజేతిలో పళ్లు దించింది. నేనూ అరిచాను, నాదే పెద్ద అరుపు. ఆయన వెదురుబద్దలు, గుడ్డు సొన, ఆకుపసరు పెట్టి ఆమెకు కట్టు కట్టాడు. మిగిలిన పసరు నా చేతికి పూశాడు. విరిచినదానికీ కరిచినదానికీ ఒకటే మందు.

కట్టు మార్పించడానికి మరోసారి, విప్పించడానికి ఇంకోసారి వెళ్లాం, మా ఇద్దరి సార్లూ వెంట వచ్చారు. విప్పిన రోజు చూస్తే ఆ చెయ్యి మణికట్టు పైన కొడవలిలా వంగి ఉంది. బస్టాండులో నా మొహం చూసి ఆమే నన్ను ఓదార్చింది.

"జారి పడినావు. నీదేం తప్పుండాది మే?"

పన్ను విరిగినప్పుడు, పళ్లు దిగినప్పుడు లేని నొప్పి అప్పుడు పుట్టింది.

"జార్లేదు మే. ఈల ఇన్నాను. ఇన్నాకనే మోకాలేసినాను."

ఆమె మంచి చేత్తో నా మూతి మీద గుద్దింది. నేను కింద పడ్డాను. జుట్టు పట్టి లేపి వంకర చేత్తో ముక్కు మీద గుద్దింది. రక్తం నా గౌను మీద, ఆమె కట్టు విప్పిన చేతి మీద, పక్కన బఠాణీలు అమ్మే అవ్వ బుట్ట మీద పడింది. జనం విడిపించబోతే మా సారు వద్దని చెయ్యెత్తాడు. వాళ్ల సారు తాపీగా చూస్తూ, "ఆ సెయ్యి గూడా పన్జేస్తా ఉండాదిలే అబ్బా," అన్నాడు.

మా సారు ఎంపికలకు నా పేరు పంపలేదు. ఆమెను చెయ్యి చూసి వెనక్కి పంపారు. ఏడాది పాటు ప్రతి ఆదివారం రేణిగుంట వెళ్లి ఆమె ముందు కూతకు దిగడం సారు నాకు వేసిన శిక్ష. మొదట్లో పట్టు జారిపోయేది, జారినప్పుడల్లా కసికొద్దీ తన్నేది. నాలుగో నెలలో ఆ వంకర నా చీలమండకు కొక్కెంలా తగులుకుంది. ఆరో నెలలో నా భుజం ఎముక విరిచింది. పుత్తూరుకు తనే తీసుకెళ్లి, తనే పట్టుకుంది. నేను కరవలేదు, పన్ను సగమే కదా. మరుసటి ఏడాది ఆమెకు సీటు వచ్చింది.

ఇప్పుడు ఆమె రేణిగుంటలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. నేను చిత్తూరులో అదే పని, అంతకంటే అధ్వాన్నంగా చేస్తాను. మా పిల్లలు ఒకరి ఎముకలు ఒకరు విరుచుకుంటూనే ఉంటారు, అందుకే మాకు పుత్తూరు బస్సు వేళలు నోటికి వచ్చు.

పోయిన నెల ఆమె మెట్ల మీద నుంచి పడింది. ఫోన్ చేసింది.

"కాలిరిగిండాది మే. ఈసారి నువ్వు కాదులే. అయినా పట్టుకునేదానికి నువ్వే రావాల."

వాళ్లింట్లో మనుషులు లేక కాదు. నేను మొదటి బస్సుకే వెళ్లాను. పుత్తూరులో ఆ పెద్దాయన కొడుకు ఆమె పాదం పట్టుకుని నన్ను సిద్ధమా అని అడిగాడు. నేను చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, పాత పళ్ల మచ్చ ఉన్న వైపు ఆమె నోటి దగ్గర పెట్టాను.